బీప్ వచ్చింది, కారు కదల్లేదు: వానాకాలమంతా పడుకున్న పద్మినిని మల్టీమీటర్‌తో లేపడం ఎలా?

ఈ సైట్‌లో మీరు రోజూ చదివేవి ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి గ్యాడ్జెట్ కొంచెం పెద్దది. బరువు దాదాపు తొమ్మిది వందల కిలోలు, డిస్‌ప్లే లేదు, బ్లూటూత్ నేనే పెట్టాను (పెట్టకుండా ఉండాల్సింది, ఎందుకో కింద చెప్తా). మా తాత ప్రీమియర్ పద్మిని.

ఫియట్ లైసెన్స్‌తో ముంబై కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు తయారు చేసిన కారు ఇది. ఇంజిన్ 1089 సీసీ. 1970ల నడుమ నుంచి పద్మిని అనే పేరుతో అమ్మారు. మీలో చాలామంది దీన్ని ముంబై నలుపు-పసుపు టాక్సీగానే చూసి ఉంటారు. ఆ టాక్సీల్లో చివరిది కూడా 2023 అక్టోబర్ చివర్లో సర్వీసు నుంచి తప్పుకుంది. మా ఇంట్లోది మాత్రం శామీర్‌పేట చెరువుకి దగ్గర్లో రేకుల షెడ్డులో ఉంటుంది. జూన్‌లో మొదటి వానలు పడగానే పట్టా కప్పి పెట్టేస్తాం, నవంబర్‌లో బయటికి తీస్తాం.

పాత కార్లను నెలల తరబడి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేయడం గురించి యూట్యూబ్‌లో వెతికితే అన్నీ చలికాలం వీడియోలే వస్తాయి. మంచు, రోడ్డు మీద చల్లే ఉప్పు, బ్యాటరీ గడ్డకట్టడం. మనకి ఆ గొడవ లేదు. మన బాధంతా తేమ, ఎలుకలు, ఉక్కపోత. చెరువు గాలి తగిలే షెడ్డులో ఐదు నెలలుంటే రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది, ఇనుము మీద తుప్పు ఎక్కుతుంది. బ్యాటరీకి చలి కన్నా వేడే ఎక్కువ చేటు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఖాళీగా కూర్చున్నా తనంతట తానే డిశ్చార్జ్ అవుతుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుంది.

ఈ నవంబర్‌లో తాళం తిప్పితే 'టక్' అని ఒక్క శబ్దం. అంతే.

ఈసారి టైం కూడా తక్కువ. రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ దగ్గరపడింది. ప్రైవేటు కారుకి మొదటి పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి ఫారం 25 పెట్టి, బండి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. లైట్లు, ఇండికేటర్లు, హార్న్, వైపర్ అన్నీ పనిచేయాలి. మేడ్చల్‌లో లారీలకి ఎలక్ట్రికల్ పని చేసే ఒకన్న ఫోన్‌లోనే చెప్పేశాడు: "సెల్ఫ్ పోయింది తమ్మీ. డైనమో కూడా చూడాలె. గంత పాత బండికి వైరింగ్ మొత్తం కొత్తది వేస్కోవాలె, ఇరవై ఎనిమిది వేలైతది." నాన్న లెక్క సింపుల్: అంత ఖర్చయితే కారు పాత ఇనుపోడికి ఇచ్చేద్దాం. తాత ఏమీ అనలేదు. షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నాకు ఆదివారం సాయంత్రం వరకు టైం ఇచ్చారు.

ముందు బ్యాటరీ, ముందు నా తప్పు

డిజిటల్ మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ మీద పెట్టి బ్యాటరీ టెర్మినల్స్ చూశాను. 4.8 వోల్టులు.

ఒక గంట ఊరికే ఉంచిన 12 వోల్టుల బ్యాటరీలో 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గర సగం. 12 కిందికి వస్తే దాదాపు ఖాళీ. 10.5 చుట్టూ వచ్చి ఎంత ఛార్జ్ చేసినా పైకి కదలకపోతే ఆరు సెల్స్‌లో ఒకటి పోయిందని అనుమానించాలి. 4.8 అంటే ఎవరో లోపల కూర్చుని నెలల తరబడి తాగేశారన్నమాట.

అది నేనే. మే నెలలో నేను ఒక బ్లూటూత్ స్టీరియో, ఒక యూఎస్‌బీ ఫాస్ట్ ఛార్జర్ పెట్టాను. తాళం తీసినా ఫోన్ ఛార్జ్ అవ్వాలని ఛార్జర్ వైరుని నేరుగా బ్యాటరీకి కలిపాను. దాని మీద చిన్న నీలం ఎల్ఈడీ. ఫోన్ గుచ్చకపోయినా అది కరెంట్ తీసుకుంటూనే ఉంటుంది. మీటర్‌లో చూస్తే ఛార్జర్, స్టీరియో మెమరీ రెండూ కలిపి 15 మిల్లీఆంపియర్లు. చాలా తక్కువ అనిపిస్తుంది కదా? రోజుకి 0.36 ఆంపియర్-అవర్. మా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లు. అంటే దాదాపు 97 రోజుల్లో సున్నా. కారు పడుకున్నది 150 రోజులు. తాత ప్రతి ఏడూ జూన్‌లో నెగటివ్ టెర్మినల్ విప్పేసేవాడట. ఈ ఏడు ఆ పని నాకు అప్పజెప్పాడు, నేను మర్చిపోయాను.

ఫోన్లకి అలవాటు పడినవాళ్ళు ఇక్కడే పొరపాటు పడతారు. ఫోన్‌లోని లిథియం బ్యాటరీని చాలా రోజులు దాచాలంటే సగం ఛార్జ్‌తో ఉంచడం మంచిది. కారులోని లెడ్-యాసిడ్‌కి సరిగ్గా దీనికి రివర్స్. నిండుగా ఉంచాలి. ఖాళీగా ఉంటే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోయి, తర్వాత ఛార్జ్ చేసినా కరగదు. 4.8 దాకా జారి నెలలు గడిచిన బ్యాటరీ మీద ఆశ పెట్టుకోవడం దండగ. కొత్తది కొన్నాను.

ఈ లీకేజీ కొలవాలంటే నెగటివ్ టెర్మినల్ విప్పి, ఆ వైరుకి, బ్యాటరీకి మధ్యలో మీటర్‌ని పెట్టాలి. ఎర్ర ప్రోబ్‌ని 10 ఆంపియర్ల సాకెట్‌లోనే గుచ్చండి, తాళం ఆఫ్‌లో ఉండాలి, డోర్ లైట్ వెలగకూడదు. ఆ టైంలో పొరపాటున సెల్ఫ్ కొడితే మీటర్‌లో ఫ్యూజ్ పోతుంది. చవక మీటర్లలో ఆ సాకెట్‌కి ఫ్యూజే ఉండదు, మీటరే పోతుంది. కొలత అయ్యాక ఎర్ర ప్రోబ్‌ని మళ్ళీ వోల్టుల సాకెట్‌లోకి మార్చండి. మర్చిపోయి బ్యాటరీకి పెడితే షార్ట్ సర్క్యూటే.

కొత్త బ్యాటరీ, అదే 'టక్'

12.7 వోల్టులు చూపిస్తున్న కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే మళ్ళీ 'టక్'. డాష్‌బోర్డ్ లైటు కాస్త మసకబారింది. ఇక్కడ ఎవరైనా సెల్ఫ్ మోటార్ మీదే పడతారు. నేనూ పడ్డాను. కానీ విప్పేముందు వైర్లు చెక్ చేద్దామని మీటర్‌ని కంటిన్యుటీ మీద పెట్టాను. బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బాడీకి: బీప్. పాజిటివ్ నుంచి సెల్ఫ్ మీది పెద్ద బోల్టుకి: బీప్. వైర్లు ఓకే, కాబట్టి సెల్ఫే పోయింది అని డిసైడ్ అయిపోయాను.

ఇంకోసారి తాళం తిప్పి చూద్దామని తిప్పి, చోక్ నాబ్ మీద చెయ్యి వేశాను. నాబ్ దగ్గర తీగ వెచ్చగా ఉంది. కాదు, వేడిగానే ఉంది. తాతకి చెప్తే కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "చోక్ తీగ కాలుతున్నదంటే ఎర్త్ లేనట్టేరా. కరెంటు ఆడికెళ్ళి తొవ్వ ఎతుక్కుంటున్నది."

ఈ ఒక్క మాట అర్థమైతే పాత కార్ల ఎలక్ట్రికల్ సగం అర్థమైనట్టే. కారులో చాలా పార్టులకి ఒకటే వైరు వెళ్తుంది. కరెంట్ తిరిగి బ్యాటరీకి రావడానికి ఇనుప బాడీయే రెండో వైరు. కానీ ఇంజిన్ నేరుగా బాడీ మీద కూర్చోదు, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. రబ్బరు గుండా కరెంట్ పోదు. అందుకే ఇంజిన్ నుంచి బాడీకి జడలా అల్లిన ఒక రాగి పట్టీ ఉంటుంది. అది చెడిపోతే సెల్ఫ్ కరెంట్ ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉన్న మిగతా ఇనుము ఏది? చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. వంద ఆంపియర్లు మోయాల్సిన చోట సన్నటి తీగ. కాలదా మరి?

మరి బీప్ ఎందుకు వచ్చింది? మల్టీమీటర్ బీప్‌కి కావాల్సింది చాలా తక్కువ. మధ్యలో రెసిస్టెన్స్ ముప్పై, నలభై ఓమ్‌లున్నా చాలా మీటర్లు కూత పెడతాయి, అదీ మిల్లీఆంపియర్ లోపు కరెంట్ పంపి. సెల్ఫ్‌కి కావాల్సింది వంద, నూట యాభై ఆంపియర్లు. నూట యాభై ఆంపియర్లు పోయే దారిలో 0.02 ఓమ్ అడ్డు ఉన్నా మూడు వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. 0.02 ఓమ్‌ని మన మీటర్ కొలవలేదు, దాని ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే అంతకు పది రెట్లు ఉంటుంది. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే: బీప్ అనేది యూనిట్ టెస్ట్. కారు ఫెయిలవుతున్నది లోడ్ టెస్ట్‌లో.

కాబట్టి లోడ్ మీదే కొలవాలి. దీన్ని వోల్టేజ్ డ్రాప్ టెస్ట్ అంటారు. వైరు ఏదీ విప్పక్కర్లేదు. ముందు ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే సన్న వైరు తీసేసి పక్కకి కట్టండి, ఇంజిన్ అనుకోకుండా స్టార్ట్ అవ్వదు. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ పైకి. ఒకరు తాళం తిప్పాలి, ఒక్కోసారి మూడు నాలుగు సెకన్లకి మించకుండా. నా విషయంలో తాళం దగ్గర మా చెల్లి, బానెట్ కింద నేను.

ముందు బ్యాటరీ రెండు స్తంభాల మీద కొలిచాం, తాళం తిప్పినప్పుడు 11.9. బ్యాటరీ గట్టిగానే ఉంది. తర్వాత ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్లది సెల్ఫ్ పెద్ద బోల్టు మీద: 0.4. ఇది కొంచెం ఎక్కువే, కానీ హంతకుడు కాదు. చివరికి ఒక ప్రోబ్ ఇంజిన్ బ్లాకు మీద గీకి శుభ్రం చేసిన చోట, రెండోది బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద: 4.6.

లెక్క చూడండి. 11.9 లోంచి 0.4, 4.6 తీసేస్తే సెల్ఫ్‌కి దక్కింది 6.9 వోల్టులు. సగానికి కాస్త ఎక్కువ. మోటారు పోలేదు, దానికి తిండి అందట్లేదు. రెండు స్పష్టమైన కొలతలు పట్టుకుని ఉంటే ఇరవై ఎనిమిది వేల ఎస్టిమేట్ పుట్టేదే కాదు. అన్నని తప్పుపట్టట్లేదు, ఫోన్‌లో 'టక్' అనే శబ్దం విని ఎవరైనా చెప్పేది అదే.

రాగి పట్టీ విప్పితే బోల్టు కింద తుప్పు, అల్లిక నిండా పచ్చటి చిలుము. ముట్టుకుంటే పొడిలా రాలింది. మేడ్చల్ హైవే మీద లారీ సామాన్ల షాపులో కొత్త పట్టీ దొరికింది. బాడీ మీద బోల్టు కూర్చునే చోటుని ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూశాను (ముందు పూసి తర్వాత బిగించకండి, ఇనుముకి ఇనుము తగలాలి). మళ్ళీ కొలిస్తే ఎర్త్ వైపు 0.2. బ్యాటరీ మీద ఈసారి 10.9 చూపించింది. ముందు 11.9 ఉన్నది ఇప్పుడు తగ్గిందేంటి అని చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఇప్పుడు దారి క్లియర్ అయింది కాబట్టి సెల్ఫ్ నిజంగా కావాల్సినంత కరెంట్ లాగుతోంది, అందుకే బ్యాటరీ కొంచెం కిందికి దిగింది. క్రాంకింగ్‌లో 9.6 కిందికి పడితేనే బ్యాటరీని అనుమానించాలి. ఇంజిన్ మాత్రం గిర్రున తిరిగింది.

తిరిగింది కానీ అంటుకోలేదు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే పాయింట్ల మీద బూడిదరంగు పొర. కాంటాక్ట్ పాయింట్లు వాడకుండా ఉంచితే ఇలా ఆక్సైడ్ పడుతుంది. సన్న ఎమరీతో ఒక్క గీటు గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఫీలర్ గేజ్‌తో గ్యాప్ చూసుకుంటే చాలు. కాయిల్ వైరు తిరిగి పెట్టాక రెండో క్రాంక్‌కి స్టార్ట్ అయింది. పాత పెట్రోలు సంగతి వేరే కథ, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నా.

కాలని ఫ్యూజ్, వెలగని లైటు

కుడి హెడ్‌లైటు ఆముదం దీపంలా ఉంది. హార్న్ మూగ. ఫ్యూజులు చూస్తే అన్నీ బాగున్నాయి.

పద్మినిలో ఇప్పటి కార్లలోలా బ్లేడ్ ఫ్యూజులు ఉండవు. రెండు కొనలూ మొనదేలిన చిన్న గొట్టాలు, బయటివైపు లోహపు పట్టీ, రెండు స్ప్రింగు క్లిప్పుల మధ్య ఇరుక్కుని కూర్చుంటాయి. పట్టీ తెగకపోతే ఫ్యూజ్ బాగున్నట్టే అనుకుంటాం. కానీ అసలు కాంటాక్ట్ జరిగేది ఆ కొన దగ్గర, ఆవగింజంత చోట. అక్కడ తేమకి పొర పట్టేస్తుంది. మొదట చేయాల్సింది చాలా చిన్న పని: లైట్లు ఆఫ్ చేసి, ఒక్కో ఫ్యూజుని వేలితో అలాగే ఉంచి నాలుగు చుట్లు తిప్పండి. మా హార్న్ దీనికే మోగింది. తర్వాత తీరిగ్గా క్లిప్పులన్నీ తీసి శుభ్రం చేశాను.

హెడ్‌లైటుకి మళ్ళీ అదే టెస్ట్. లైటు వెలిగించి బల్బు దగ్గర కొలిస్తే 10.4, అదే టైంలో బ్యాటరీ దగ్గర 12.6. దారిలో 2.2 వోల్టులు మాయం. ఫ్యూజు క్లిప్పు ఒక్కదాని మీద 1.3, లైటు ఎర్త్ బోల్టు దగ్గర 0.7, మిగిలింది వైర్లలో. రెండు వోల్టులే కదా అనుకోవద్దు. ఫిలమెంట్ బల్బు వెలుతురు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజ్ ఆరో వంతు తగ్గితే వెలుతురు దాదాపు సగానికి వస్తుంది. రాత్రిపూట రాజీవ్ రహదారి మీద ఆ వెలుతురుతో బండి నడపడమంటే సాహసమే. ఎల్ఈడీ బల్బు పెట్టేస్తే పోలేదా అంటారా? వెలుగుతుంది, కానీ వేడెక్కుతున్న ఆ ఫ్యూజు క్లిప్పు అలాగే లోపల ఉండిపోతుంది.

వెనక లైట్లలో ఇంకో తమాషా. ఎడమ ఇండికేటర్ వేస్తే దానితోపాటు టెయిల్ లైటు కూడా కన్ను కొడుతోంది. ఇలా ఒక స్విచ్ నొక్కితే సంబంధం లేని లైటు స్పందిస్తే స్విచ్‌ని విప్పకండి. ఆ లైటు డబ్బా ఎర్త్ చూడండి. తిరుగుదారి మూసుకుపోయి కరెంట్ పక్క బల్బు గుండా వెనక్కి వస్తోందన్నమాట. చోక్ తీగ కథే, చిన్న సైజులో.

ఎలుకలు రెండు చోట్ల వైర్లు కొరికాయి. ఒకటి వైపర్ మోటారుది. కొరికిన చోట మెలిపెట్టి టేపు చుట్టడం మన దేశీ పద్ధతి, నేనూ కాలేజీ ప్రాజెక్టుల్లో అదే చేశాను. కారులో వద్దు. వణుకుడికి వదులై, వేడెక్కి, పక్క వైరుని కాలుస్తుంది. అదే మందం వైరు ముక్క, సోల్డర్ లేదా క్రింప్, పైన హీట్ ష్రింక్ గొట్టం వేయండి. ఫ్యూజు మాటిమాటికి పోతుంటే సిల్వర్ పేపర్ చుట్టే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఆ పని చేస్తే ఫ్యూజు బదులు వైరింగ్ మొత్తం కాలుతుంది.

చివరిగా ఛార్జింగ్. మా కారుకి తాత ఎప్పుడో ఆల్టర్నేటర్ వేయించాడు, పాతవాటిలో డైనమో, కటౌట్ డబ్బా ఉంటాయి (మెకానిక్‌లు రెండింటినీ డైనమో అనే అంటారు, అడిగి తెలుసుకోండి). ఇంజిన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద కొలిస్తే ఆల్టర్నేటర్‌కి 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 15 దాటితే వెంటనే ఆపేయండి, బ్యాటరీ మరుగుతుంది. మాకు 14.1 వచ్చింది. అంటే మార్చాలన్న 'డైనమో' కూడా నిక్షేపంగా ఉంది.

ఏ మీటర్ కొనాలి?

వెయ్యి రూపాయల లోపు దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఈ పనంతటికీ సరిపోతుంది. ట్రూ ఆర్ఎంఎస్ అవసరం లేదు, మనం కొలిచేది డీసీ. 10 ఆంపియర్ల సాకెట్‌కి ఫ్యూజు ఉందా, ప్రోబ్ వైర్లు మెత్తగా పొడుగ్గా ఉన్నాయా అన్నవి చూసుకోండి. నేనైతే రెండు మొసలి క్లిప్పుల వైర్లు కూడా కొన్నాను, చేతులు ఖాళీ అవుతాయి. క్లాంప్ మీటర్ కొనాలనుకుంటే డీసీ ఆంపియర్లు కొలుస్తుందో లేదో చదివి కొనండి, చవకవాటిలో చాలా వరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి. కారుకి అవి పనికిరావు.

లిథియం జంప్ స్టార్టర్లు బాగున్నాయి, కానీ మా కేసులో అవి ఏం చేసేవి? ఎర్త్ పట్టీ చిలుము పట్టి ఉండగా జంప్ ఇస్తే అదే 'టక్'. క్లిప్పుని నేరుగా ఇంజిన్ బ్లాకుకి పెడితే మాత్రం స్టార్ట్ అయ్యేది. అలా అయితే అది కూడా ఒక టెస్టే అనుకోండి: బ్లాకుకి పెడితే స్టార్ట్ అయి, బ్యాటరీ నెగటివ్‌కి పెడితే కాకపోతే తప్పు ఎర్త్ దారిలో ఉంది. ఒక జాగ్రత్త: పాత బ్రిటిష్ డిజైన్ కార్లలో కొన్నింటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. వాటికి స్టీరియో, ఛార్జర్, జంప్ స్టార్టర్ ఏది కలిపేముందైనా బ్యాటరీ నుంచి ఏ వైరు బాడీకి వెళ్తుందో కళ్ళతో చూసుకోండి. ఉంగరం, కడియం తీసి పనిలో దిగండి. విప్పేటప్పుడు ఎర్త్ టెర్మినల్ ముందు, బిగించేటప్పుడు అదే చివర.

ఆదివారం నాలుగింటికి తాతని పక్కన కూర్చోబెట్టుకుని, శామీర్‌పేట నుంచి ఔటర్ సర్వీస్ రోడ్డు మీదుగా మేడ్చల్ వెళ్ళి వచ్చాను. దారిలో తాత మాట్లాడింది ఒకటే, కండ్లకోయ దగ్గర: "చీకటైతుంది, లైట్లెయ్యి." వేశాను. బ్యాటరీ కాకుండా మొత్తం ఖర్చు 1,140 రూపాయలు: ఎర్త్ పట్టీ, ఫ్యూజులు, వైరు, హీట్ ష్రింక్, ఎమరీ పేపర్, ఒక కటాఫ్ స్విచ్. ఆ స్విచ్‌ని బ్యాటరీ నెగటివ్ దగ్గర పెట్టాను, వచ్చే జూన్‌లో టెర్మినల్ విప్పే పని లేకుండా ఒక్క తిప్పుతో అంతా కట్. యూఎస్‌బీ ఛార్జర్‌ని ఇగ్నిషన్ లైనుకి మార్చాను, తాళం తీస్తే నీలం ఎల్ఈడీ ఆరిపోతుంది.

గురువారం ఇన్‌స్పెక్షన్‌లో ఇండికేటర్లు, హార్న్, వైపర్ అన్నీ చూశారు. పాసైంది. తర్వాతి రెన్యువల్ ఐదేళ్ళకి.